బొటనవేలితో స్థాయి మార్చే ఓబో, ఊపిరితో స్థాయి మార్చే సన్నాయి: మన మేళాల కథ

ఈరోజు ఎపిసోడ్‌లో మనం ఒక వేలు గురించి మాట్లాడుకుందాం. అవును, ఒక్క వేలే. ఎడమ చేతి బొటనవేలు. ఫోన్ పట్టుకోడానికి, స్క్రోల్ చేయడానికి తప్ప దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. కానీ యూరప్‌లో ఒక వాయిద్యం ఉంది, ఓబో అని. దాని గత 200 ఏళ్ల చరిత్రలో సగం ఈ వేలు చుట్టూనే తిరిగింది. మన దగ్గర దానికి చుట్టం లాంటి వాయిద్యం ఉంది, సన్నాయి. నాదస్వరం అన్నా అదే. దాంట్లో ఈ వేలికి మీటా లేదు, రంధ్రమూ లేదు. ఎందుకు? వాళ్లకి తెలిసింది మనవాళ్లకి తెలియకపోయిందా? లేక మనవాళ్లు కావాలనే వద్దనుకున్నారా? ఇదే ఈరోజు ప్రశ్న.

దీనికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే పారిస్ నుంచి తంజావూరు, అక్కడి నుంచి ప్రకాశం జిల్లా, మన కర్నూలు, నంద్యాల దాకా రావాల్సి వస్తుంది. మధ్యలో కొంచెం సైన్స్ కూడా ఉంటుంది. భయపడకండి, పగ్గం, కాలువ గేటు తెలిస్తే చాలు.

ముందు చుట్టరికం సంగతి

ఓబో, షెహనాయి, నాదస్వరం, ఈ మూడూ ఒకే జాతి. ఎలా అంటే, మూడింటిలోనూ నోట్లో పెట్టుకునే పీక రెండు పొరలుగా ఉంటుంది. రెల్లు జాతి గడ్డిని పల్చగా చేసి, రెండు రేకుల్ని ఎదురెదురుగా కడతారు. గాలి ఊదితే ఆ రెండు రేకులూ టపటపా కొట్టుకుంటాయి. ఆ కదలికే శబ్దం. గొట్టం కూడా మూడింటిలో ఒకేలా ఉంటుంది, పైన సన్నంగా, కిందికి వచ్చేకొద్దీ వెడల్పుగా.

పశ్చిమాసియాలో సుర్నాయ్ అనే వాయిద్యం ఉంది. సుర్నాయ్, షెహనాయి, సన్నాయి, పేర్లు పలికితేనే తెలిసిపోతుంది వీళ్లంతా ఒకే ఇంటివాళ్లని. అదే కుటుంబానికి చెందిన వాయిద్యం యూరప్‌లో షామ్ అనే పేరుతో ఉండేది. బయట ఊరేగింపుల్లో, కోట బురుజుల మీద ఊదేవాళ్లు. గట్టిగా, ఊరంతా వినపడేలా. సరిగ్గా మన మేళం లాగానే.

ఇక్కడే దారులు విడిపోయాయి. 17వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో, 14వ లూయీ రాజు కొలువులో, హోత్తెతేర్ లాంటి వాయిద్యాల కుటుంబాలు షామ్‌ని తీసుకుని మూడు ముక్కలుగా చేసి, గొట్టాన్ని సన్నం చేసి, గొంతు తగ్గించి, గది లోపల వయొలిన్ల పక్కన కూర్చోబెట్టాయి. అదే ఓబో. అంటే ఒక అన్న గుడి ముందు, ఊరేగింపులో ఉండిపోయాడు. ఇంకో అన్న రాజుగారి హాల్లోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత జరిగిన తేడాలు చాలావరకు దీని వల్లే.

స్థాయి మారడం అంటే ఏంటి?

సరే, ఇప్పుడు సైన్స్. స రి గ మ ప ద ని అయిపోయాక మళ్లీ పై స వస్తుంది కదా. కింది స కి, పై స కి మధ్య దూరాన్నే ఇంగ్లీషులో ఆక్టేవ్ అంటారు. మన భాషలో మధ్య స్థాయి, తార స్థాయి. పై స్వరం సెకనుకి సరిగ్గా రెండు రెట్లు కంపిస్తుంది. కింద 440 అయితే పైన 880.

మరి నాదస్వరంలో వేళ్లు పెట్టే రంధ్రాలు 7 మాత్రమే. ఒక స్థాయికే సరిపోతాయి. కానీ విద్వాంసులు రెండు, రెండున్నర స్థాయిలు వాయిస్తారు. మిగతా స్వరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఒక పొడవాటి పగ్గం తీసుకోండి. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని ఊపితే మొత్తం తాడు ఒకే విల్లులా ఊగుతుంది. ఇప్పుడు ఇంకాస్త వేగంగా, ఒక పద్ధతిలో ఊపండి. తాడు మధ్యలో ఒక చోట నిలబడిపోయి, రెండు సగాలు విడివిడిగా ఊగుతాయి. రెండింతల వేగంతో. గొట్టం లోపల గాలి కూడా ఇలాగే చేస్తుంది. మామూలుగా ఊదితే మొత్తం గాలి ఒకటిగా ఊగుతుంది, కింది స్వరం వస్తుంది. ఊపిరి పెంచి, పెదవి బిగిస్తే రెండుగా ఊగుతుంది, పై స్వరం వస్తుంది. వేళ్లు ఎక్కడున్నవి అక్కడే.

రెండో దారి కూడా ఉంది. తాడు ఊపే వేగం ఎక్కువ మార్చకుండా, మూడో మనిషి వచ్చి తాడు మధ్యలో వేలితో తేలిగ్గా తాకితే? అప్పుడు కూడా తాడు రెండుగా విడిపోతుంది. గొట్టంలో ఆ వేలి పని చేసేది ఒక చిన్న చిల్లు. గొట్టం పైభాగంలో, సరైన చోట, చాలా సన్నటి చిల్లు ఒకటి తెరిస్తే అక్కడ గాలి ఒత్తిడి నిలవదు. పెద్ద ఊపు చెదిరిపోతుంది, సగం ఊపు మిగులుతుంది. స్వరం పై స్థాయికి ఎగురుతుంది.

ఆ చిల్లుని తెరిచే మీటే ఆక్టేవ్ కీ. జూపాడు బంగ్లా మండలంలో పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ చూసినవాళ్లకి ఇది ఈజీ. శ్రీశైలం జలాశయం నీళ్లు కాలువలోకి వదలాలంటే ఎవరూ నీళ్లలో దిగి తలుపు ఎత్తరు. పైన నిలబడి యంత్రం తిప్పితే కింద గేటు లేస్తుంది. ఓబో కీ కూడా అంతే. వేలు ఒక చోట ఉంటుంది, తెరుచుకునే చిల్లు ఇంకో చోట ఉంటుంది, మధ్యలో లోహపు కడ్డీ. తేడా ఒకటే. అక్కడ గేటు కొలత పెద్దది, ఇక్కడ చిల్లు సూది మొన అంత.

బొటనవేలి మీదకి పని వచ్చిన కథ

మొదట్లో, అంటే 1700ల్లో, ఓబోకి ఆక్టేవ్ కీ లేదు. రెండో మూడో కీలు ఉండేవి, అవీ కింది స్వరాల కోసం. పై స్థాయి అంతా పెదవి, ఊపిరే. అంటే మన సన్నాయి పద్ధతే! బాఖ్, హాండెల్ రాసిన ఓబో సంగీతమంతా ఆ రోజుల్లో అలా వాయించిందే.

తర్వాత ఆర్కెస్ట్రాలు పెద్దవయ్యాయి. సంగీతం రాసేవాళ్లు ఇంకా కష్టమైనవి అడగడం మొదలుపెట్టారు. పై స్వరం చాలా మెల్లగా మొదలవ్వాలి, కింది నుంచి పైకి ఒక్క క్షణంలో దూకాలి, 12 స్వరస్థానాలూ సమానంగా పలకాలి. మెల్లగా ఊదుతూ పై స్వరం తేవడం పెదవికి చాలా కష్టం. ఊపిరి తగ్గిస్తే స్వరం కిందికి జారిపోతుంది. అందుకే 1800 దాటాక ఈ కీ మెల్లగా చోటు సంపాదించుకుంది. 1825లో వియన్నాలో జోసెఫ్ సెల్నర్ ఓబోకి 13 కీలు. పారిస్‌లో ట్రీబెర్ కుటుంబం ఒక మోడల్ తర్వాత ఒక మోడల్ తెచ్చింది. 1880ల్లో పారిస్ కన్సర్వేటరీలో జార్జ్ జిలే గురువుగా ఉన్నప్పుడు అక్కడ స్థిరపడిన ట్రీబెర్ మోడల్‌నే ఈరోజుకీ కన్సర్వేటరీ సిస్టమ్ అంటున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తాడుని సరిగ్గా మధ్యలోనే తాకాలి కదా. కానీ ఒక్కో స్వరానికి గొట్టం పొడవు మారుతుంది, అంటే "మధ్య" కూడా మారుతుంది. న్యాయంగా అయితే ప్రతి స్వరానికీ ఒక చిల్లు కావాలి. అన్ని చిల్లులు పెడితే వేళ్లు చాలవు. అందుకే రాజీ పడ్డారు. పై స్థాయిలో మొదటి రెండు మూడు స్వరాలకి చూపుడువేలు కింద ఉన్న సగం చిల్లు. ఆ తర్వాత ఇ నుంచి జి షార్ప్ దాకా బొటనవేలి కీ. ఎ నుంచి పైకి చూపుడువేలి పక్క భాగంతో నొక్కే రెండో కీ.

ఓబో నేర్చుకునేవాళ్లకి గురువులు ఎక్కువసార్లు చెప్పే మాట ఏంటంటే, బొటనవేలుని ఎత్తి కొట్టకు, దొర్లించు. వేలు కొంచెం ఏటవాలుగా, కీ అంచునే చెక్క మీద ఆనుకుని ఉండాలి. కావాల్సినప్పుడు కొంచెం పైకి దొర్లితే కీ తెరుచుకుంటుంది, వెనక్కి దొర్లితే మూసుకుంటుంది. ఎందుకంత పట్టింపు? బొటనవేలు గాల్లోకి లేచి దిగితే చెయ్యంతా బిగుసుకుంటుంది. బొటనవేలు బిగిస్తే మిగతా వేళ్లు వేగంగా కదలవు. కావాలంటే ఇప్పుడే చూడండి, బొటనవేలితో చూపుడువేలిని గట్టిగా నొక్కి పట్టి మిగతా వేళ్లు ఆడించండి. తెలిసిపోతుంది. ఇంకోటి, కీ ఒక్క రవ్వ ఆలస్యమైనా స్వరం చీలిపోతుంది. వేళ్లూ బొటనవేలూ ఒకే క్షణంలో కదలాలి. వాయిద్యం బరువు కుడి బొటనవేలు మోస్తుంది కాబట్టి ఎడమది ఈ పనికి కొంచెం స్వేచ్ఛగా ఉంటుంది.

తయారీదారులు దీన్ని ఇంకా తేలిక చేయాలని చూశారు. సెమీ ఆటోమేటిక్‌లో రెండో కీ నొక్కితే మొదటిది దానంతట అదే మూసుకుంటుంది, బొటనవేలు తీయక్కర్లేదు. ఫుల్ ఆటోమేటిక్‌లో బొటనవేలి కీ ఒక్కటే, ఏ చిల్లు తెరవాలో యంత్రమే చూసుకుంటుంది. ఇంగ్లండ్‌లో థంబ్ ప్లేట్ అని ఇంకో పద్ధతి స్థిరపడింది, అందులో బొటనవేలికి ఇంకో పని కూడా ఉంటుంది. లండన్‌లో ఉన్న అపొలాన్ బారే అనే విద్వాంసుడు 1850లోనే ఓబో నేర్పే పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఈ పుస్తకం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

మరి మన ఊళ్లో ఈ కీ ఎక్కడుంది?

ఓబో మన నంద్యాల, ఆళ్లగడ్డ వైపు చూడలేం. కానీ ఎడమ బొటనవేలి కీ మాత్రం మీరు చూసే ఉంటారు. పెళ్లి ఊరేగింపులో బ్యాండ్ మేళం. అందులో నల్లగా, వెండి రంగు మీటలతో ఉండే క్లారినెట్. ఇంకో పక్క బంగారు రంగులో వంకీ తిరిగిన శాక్సఫోన్. రెండింటి వెనకా ఎడమ బొటనవేలి దగ్గర ఒక కీ ఉంటుంది. 1846లో ఆడోల్ఫ్ సాక్స్ పేటెంట్ తీసుకున్న శాక్సఫోన్‌లో ఆ కీ సరిగ్గా ఓబో కీ పనే చేస్తుంది. క్లారినెట్‌లో మాత్రం ఒక తమాషా. దాని గొట్టం పైనుంచి కింద దాకా దాదాపు ఒకే వెడల్పు. అందుకే బొటనవేలి కీ నొక్కితే స నుంచి పై స రాదు, ఇంకా పైకి ఎగిరి తార స్థాయి ప వస్తుంది. ఒకే వేలు, ఒకే కీ, గొట్టం ఆకారం మారితే ఫలితం మారింది.

క్లారినెట్ బ్రిటిష్ వాళ్ల సైనిక బ్యాండ్లతో మన దేశానికి వచ్చింది. 19వ శతాబ్దంలో తంజావూరులో నాట్య మేళంలోకి చేరింది. మెల్లగా ఊరూరా పెళ్లి బ్యాండ్లలోకి వచ్చేసింది. శాక్సఫోన్‌ని కదిరి గోపాల్‌నాథ్ కర్ణాటక కచేరీ వేదిక ఎక్కించారు. ఆయన నాన్నగారు నాదస్వర విద్వాంసుడు! గమకాలు పలకాలంటే శాక్సఫోన్ మామూలుగా ఉన్నట్టు ఉంటే కుదరదని ఆయన దాంట్లో మార్పులు చేసుకున్నారు.

ఇదే అసలు పాయింట్. మన సంగీతంలో స్వరం అంటే మెట్టు కాదు, జారుడుబల్ల. రి నుంచి గ కి వెళ్లేటప్పుడు మధ్యలో ఊగుతూ, జారుతూ, నొక్కుతూ వెళ్తాం. "సన్నాయి నొక్కులు నొక్కకు" అని ఇంట్లో పెద్దవాళ్లు తిడతారు కదా? దీర్ఘాలు తీస్తూ వంకరగా మాట్లాడితే అలా అంటారు. ఆ సామెత పుట్టిందే ఈ నొక్కుల నుంచి. ఆ నొక్కు ఎలా వస్తుంది? వేలి కొసతో రంధ్రాన్ని సగం, పావు, అరపావు మూస్తూ తెరుస్తూ, పెదవితో పీకని అదుముతూ వదులుతూ. వేలి చర్మానికి గాలి నేరుగా తగలాలి. కీ పెట్టామనుకోండి, వేలికీ రంధ్రానికీ మధ్య ఒక లోహపు మూత వచ్చి కూర్చుంటుంది. మూత తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. అరపావు కష్టం.

కాబట్టి నాదస్వరానికి కీలు లేకపోవడం వెనకబాటు కాదు. ఓబో వాళ్లు పెదవి పనిని తీసి బొటనవేలికి ఇచ్చారు, ఎందుకంటే వాళ్లకి సమానంగా పలికే 12 మెట్లు కావాలి. మనవాళ్లు ఆ పనిని ఊపిరి దగ్గరే ఉంచారు, ఎందుకంటే మెట్ల మధ్య ఉన్న చోటే మన రాగం ఇల్లు. నాదస్వరంలో ఒక చేతి 3 వేళ్లు, ఇంకో చేతి 4 వేళ్లు రంధ్రాల మీద ఉంటాయి. బొటనవేళ్లు రెండూ కింద నుంచి మోస్తాయి. బారి నాదస్వరం దాదాపు 3 అడుగులుంటుంది, అది మోయడం కూడా చిన్న పనేం కాదు.

మనవాళ్లు అసలు మార్పే చేయలేదనుకోకండి. పాత తిమిరి నాదస్వరం పొట్టిది, గొంతు చాలా హెచ్చు. తమిళనాడులో నరసింగంపేట రంగనాథన్ ఆచారి, టి.ఎన్. రాజరత్నం పిళ్లై కోసం శుద్ధ మధ్యమం సరిగ్గా పలికేలా పొడవాటి బారి నాదస్వరం తయారుచేశారు. గొట్టం కింది భాగంలో వేళ్లు పెట్టని చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మైనంతో మూస్తూ తెరుస్తూ శ్రుతి దిద్దుతారు. 2022లో నరసింగంపేట నాదస్వరానికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. అది చేసే చెక్క ఏంటో తెలుసా? అక్కడ ఆచ్చా అంటారు. మన రాయలసీమ ఎండు అడవుల్లో పెరిగే ఏపి చెట్టు అదే.

కరవది నుంచి శ్రీరంగం

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద నాదస్వరం చాలా చోట్ల ముస్లిం, దూదేకుల కుటుంబాల చేతుల్లో బతికింది. గుడిలో దేవుడి మేల్కొలుపు, కల్యాణం, ఊరేగింపు, అన్నింటికీ వాళ్ల ఊపిరే. దీని గురించి వాళ్లెప్పుడూ ఉపన్యాసాలు ఇవ్వలేదు, తెల్లవారుజామున లేచి వచ్చి ఊదారు, అంతే.

షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. మొదట నాన్న కాశిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అప్పటికే పేరున్న విద్వాంసుడు. అయినా రాజరత్నం పిళ్లై బాణీ విని, తంజావూరు పద్ధతి కావాలని నాచియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరారు. 1964లో శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. 1999లో కన్నుమూశారు. మనవళ్లు కాశిం, బాబు ఆ బాణీ కొనసాగించారు.

ఆయన శిష్యుల్లోనే ఒక జంట, షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్. వీళ్లదీ ప్రకాశం జిల్లానే. మన కర్నూలు శారదా సంగీత కళాశాలలో కూడా చదువుకున్నారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. నాదస్వరంలో ఆడవాళ్లు చాలా అరుదు, ఆ ఊపిరి ఆడవాళ్ల వల్ల కాదనేవాళ్లు ఉండేవాళ్లు. కాలీషాబీగారి కచేరీ ఒకటి చూడండి, ఆ మాటకి జవాబు అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు సమస్య

బారే పుస్తకం గుర్తుందా? 1850లో అచ్చయిన ఆ పద్ధతి ఇప్పటికీ దొరుకుతుంది. బొటనవేలు ఎప్పుడు కదలాలి, ఏ స్వరానికి ఏ కీ, అన్నీ కాగితం మీద ఉన్నాయి. కీలు లోహంలో ఉన్నాయి, పద్ధతి పుస్తకంలో ఉంది. ఒక తరం ఓబో వదిలేసినా తర్వాత తరం కొంతైనా తిరిగి పట్టుకోగలదు.

మన సన్నాయిలో స్థాయి మార్చే ఆక్టేవ్ కీ ఎక్కడుంది? ఒక మనిషి పెదవిలో, పొట్టలో, దవడలో. పై షడ్జం అందుకునేటప్పుడు పీక మీద ఎంత ఒత్తిడి, ఎంత ఊపిరి, ఇది రాసి పెట్టడం చాలా కష్టం. గురువు పక్కన కూర్చుని ఏళ్ల తరబడి వింటేనే వస్తుంది. ఆ మనిషి కొడుకు ఆటో కొనుక్కున్నా, కూతురు హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లినా తప్పు పట్టలేం. పెళ్లికి పిలిస్తే నాలుగు డబ్బులు, మిగతా నెలలు ఖాళీ, అలాంటి బతుకు ఎవరు కోరుకుంటారు? కానీ ఆ పెదవితో పాటు ఒక పద్ధతి మొత్తం వెళ్లిపోతుంది. ఇప్పుడు చాలా గుళ్లలో హారతి టైమ్‌కి స్విచ్ వేస్తే మోటారే డోలు కొడుతుంది, గంట వాయిస్తుంది. చాలా పెళ్లిళ్లలో తాళి కట్టే టైమ్‌కి సన్నాయి స్పీకర్‌లోంచి వస్తుంది.

నేర్చుకోడానికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, నాదస్వరం, డోలు కోసం ప్రత్యేకంగా పాఠశాల కూడా ఉంది. కర్నూలులో శారదా కళాశాల ఉంది. అయితే బడి ఒక్కటే చాలదు, వాయించేవాళ్లని పిలిచే పెళ్లిళ్లు, తిరునాళ్లు కూడా ఉండాలి. అహోబిలం బ్రహ్మోత్సవం, మహానంది కల్యాణం, తర్తూరు రంగనాథస్వామి జాతర, ఇలాంటి చోట్లే ఆ ఊపిరికి గిరాకీ.

కాబట్టి ఫ్రెండ్స్, మీ చేతిలో ఫోన్ ఉంది. ఈసారి గుడిలోనో పెళ్లిలోనో సన్నాయి వాయించే పెద్దాయన కనబడితే, దేవుడి పల్లకీ వెనక సెల్ఫీ అయ్యాక, ఆయన దగ్గరికి వెళ్లండి. "తాతా, వీడియో తీసుకోవచ్చా?" అని అడగండి. దూరం నుంచి కాదు, పక్క నుంచి తీయండి. పెదవి, దవడ, వేళ్లు స్పష్టంగా కనబడాలి. కింది స్థాయి నుంచి పై స్థాయికి మెల్లగా వెళ్లి చూపించమనండి. పీక ఎలా కట్టుకుంటారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయన మాటల్లోనే చెప్పించండి. ఒక పది నిమిషాలు చాలు. ఒప్పుకుంటేనే తీయండి, తీశాక ఆయన చేతిలో ఏదైనా పెట్టండి, ఊరికే రావద్దు.

ఓబోకి పుస్తకం రాసినవాడు ఒకడు దొరికాడు. మన సన్నాయికి ఆ పని మీ ఎడమ చేతిలో ఉన్న ఫోన్ చేయగలదు. రికార్డ్ బటన్ నొక్కడానికి బొటనవేలు చాలు.